నాలుగో గడి

ఖోర్ ఖ్వైర్ క్వారీల డ్రిల్లు ఆపించి
నన్ను ఏసీ కంటెయినర్ల కూసోబెట్టిన్రు.
బల్ల మీద పట్టిక:
ఒక గడిల ఇంగ్లీషు, ఒకదాంట్ల అరబ్బీ, ఒకదాంట్ల ఉర్దూ.
నాలుగోది ఖాళీ.
"మీ తెలుగోళ్ళు నలభై మంది ఉన్నరు,
వాళ్ళకు అర్థమయ్యేటట్టు రాయి" అన్నది
జియాలజిస్టు ముహైరా.
రాయి కొట్టేటోణ్ణి.
రాయి అంటె నాకు నిన్నటిదాంక ఒక్కటే అర్థం.

మొదలు అలకగనే వచ్చినయి.
క్వార్ట్జ్ పలుగురాయి, మైకా కాకిబంగారం,
టాల్కు బలపం, ఓకరు జాజు.
మా వడ్డెర గుడిసెల ముంగట
కంకర తోని కలిసి కుప్పపోసి ఉండె ఈ మాటలన్ని.
నాయిన వాటిని సైజుల వారీగ అమ్మేటోడు.

ఓవర్‌బర్డెన్ అంటె
ఖనిజం దొరికేదాంక తీసి పారేసే మన్ను.
"మీది బరువు" అని రాసిన.
చాయ తెచ్చిన లచ్చులు తొంగి చూసి
"ఇది అప్పు గాదా?" అన్నడు.

కంట్రీ రాక్ అంటె
విలువైనదాని చుట్టు ఉండే ఉత్త రాయి.
"దేశపు రాయి" అని రాసి
ఎందుకో కొట్టేసి
మళ్ళ అదే రాసిన.

స్ట్రైక్ కాడ నాకు తెలిసిన అర్థమే రాసిన: సమ్మె.
టైమ్‌కీపరు పేర్రాజుగారికి చెమటలు పట్టినయి.
"నీకూ నాకూ ఒకే ఫ్లైటులో టికెట్టు తీస్తారయ్యా!"
తనే తెల్లరంగు పూసిండు.
అది ఆరినంక దాని మీద రాసిన:
"వాలుకు అడ్డం పోయే దిక్కు."
చదువుకుంటె
రెండిటికి పెద్ద తేడ కనపడలె.

తర్వాతి మాట ఫాల్ట్.

పోయిన ఎండకాలం, మూడో బెంచి మీద
వల్లెపు ఓదెలు రాడ్డు మారుస్తుండంగ
గోడ నిలువున జారింది.
రిపోర్టుల కారణం ఒక్క మాట, ఫాల్ట్.
ఊరికి పంపిన తెలుగు కాయిదంల
ఎవడో టైపు కొట్టిండు:
"మరణమునకు కారణము: తప్పు."
మల్యాల నుంచి సమ్మవ్వ ఫోను జేసింది.
"ఏం తప్పు జేసిండు తమ్మీ? తాగి ఎక్కిండా?"
ఇనపడుతలేదు వదినె, లైను సక్కగ లేదన్న.
లైను సక్కగనే ఉండె.

సెల్లుల నిఘంటువు "భ్రంశం" అన్నది.
గోడ మీద పడంగ
భ్రంశం భ్రంశం అని ఎవడు అరుస్తడు?
కలం పక్కన పెట్టి కండ్లు మూసుకున్న.
నాయిన సమ్మెట మొనతోని బండను తడుతున్నడు.
ఖంగుమంటె గట్టిది, బొద్దుమంటె లోపల నెర్రె.
నీళ్ళు చిలకరించి, ఆరని గీత ఎక్కడుందో చూసి
నన్ను రెక్కవట్టి గుంజేటోడు:
"జరుగుర అవుతలికి, ఈడ బండ తప్పింది."

బండ తప్పింది.
అడుగు తప్పినట్టు,
జాతరల పిల్లడు తప్పినట్టు.
తప్పు చేసుడు మనిషికి ఉంటది,
బండ ఉత్తగ తప్పుతది.
నాలుగో గడిల రాసిన: బండ తప్పిన జాగ.

ఒక్క మాటకు ఇంత సేపా అని అడిగింది ముహైరా.
వచ్చీరాని హిందీల ఓదెలు సంగతి చెప్పిన.
ఆమె ఏం మాట్లాడలె.
అల్మార తెరిచి మ్యాపు పరిచింది.
మూడో బెంచి కిందికెల్లి ఎర్రగీత.
మూలకు ఆమె సంతకం, తేదీ.
ఓదెలును ఆ గోడ మీదికి పంపేటానికి
నాలుగు నెలల ముందటి తేదీ.

రాత్రి క్యాంపు మెట్ల మీద కూసోని ఫోను జేసిన.
"వదినె, ఆ తప్పు ఓదెలుది గాదు, బండది."
చానసేపు ఏం అనలె.
"బండకేం ఎరుక తమ్మీ" అన్నది.
"ఎరుక ఉన్నోడు ఎవడన్న ఉండెనా ఆడ?"

రేవుల బార్జిలకు రాయి దిగుతున్న చప్పుడు.
ఎర్రగీత సంగతి నోటిదాంక వచ్చింది.
పట్టికల ఇంక పదకొండు మాటలు మిగిలినయి.